ఒడీల్ సంతలకెళ్ళిన వేసవి

డెబ్భై నాలుగో సంవత్సరం జూన్‌లో కాఫీ కూజాల ఫ్యాక్టరీ పనివాళ్ళు గేటుకి లోపలి నుంచి తాళం వేసుకున్నారు. ఆ సంగతి నాకు చెప్పింది మా ఆవిడ కాదు, మాంసం కొట్టు నడిపే గొతియే అన్నాయన. నా సెలూన్ కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ తువ్వాలు కట్టించుకుంటూ చెప్పాడు.

"మీ ఆవిడ భలే మాట్లాడిందటగా ఆర్సెన్. బల్లెక్కి మరీ మాట్లాడిందట."

ఇంకెవరినో చూసి పొరబడి ఉంటారన్నాను. మా ఇంట్లో మా అమ్మ మాట్లాడుతుంది, నేను మాట్లాడతాను, మేమిద్దరం ఆగితే రేడియో మాట్లాడుతుంది. ఒడీల్ వింటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. అది ఆమె స్వభావం అనుకున్నాను. పొద్దున్నే నది పక్క దారిన సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్ళేది, సాయంత్రం వేళ్ళకి ఇనుము వాసనతో తిరిగొచ్చేది, సూప్ వేడి చేసేది. అక్కడ ఆమె పని కాఫీ కూజా కడ్డీ చివర తీగ జాలీ బిగించడం. అంతకుమించి నాకు తెలియదు. తెలుసుకోవలసింది ఇంకా ఏదో ఉందని కూడా తోచలేదు.

గొతియే తప్పు చెప్పలేదు. యజమాని ఫ్యాక్టరీ మూసేసి యంత్రాల్ని వేరే చోటికి తరలించాలనుకున్నాడు. పనివాళ్ళు వాటిని కదలనివ్వలేదు. అంతటితో ఊరుకోకుండా వాటి మీద కూజాలు చేస్తూనే ఉన్నారు. చేసినవాటిని చుట్టుపక్కల సంతల్లో తామే అమ్మి, ఆ డబ్బుతో సమ్మె నడుపుతామన్నారు. ఆ ఆలోచన ఎర్వాన్‌ది. ఎర్వాన్ ఫ్యాక్టరీలో ఫిట్టరు, యూనియన్ నాయకుడు, పడమటి సముద్రతీరం నుంచి వచ్చినవాడు. పెళ్ళి కాలేదు. ఈ ఆఖరి ముక్క గొతియే నేనడక్కుండానే చెప్పాడు.

ఆ ఆదివారం ఒడీల్ ఒక కూజా ఇంటికి తెచ్చింది. దాన్ని బయటి దేశాల్లో ఫ్రెంచ్ ప్రెస్ అంటారని చాలా కాలం తరవాత విన్నాను. మాకది ఉత్త కూజా. గాజు పాత్ర, దాని చుట్టూ మెరిసే ఇనుప చట్రం, మూతలోంచి దిగే కడ్డీ, కడ్డీ చివర జాలీ. ఏళ్ళ తరబడి ఆ జాలీలు బిగించిన మనిషి ఇంట్లో ఒక్క కూజా లేదు. అవన్నీ పారిస్ దుకాణాలకి పోయేవి. మేం మా అమ్మ పద్ధతిలో ఎనామిల్ పాత్రకి గుడ్డ సంచి తగిలించి, అందులోంచి కారిన కాఫీని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొయ్యి అంచున వెచ్చబెట్టుకుని తాగేవాళ్ళం.

భోజనాలయ్యాక ఒడీల్ చేతిమర ఒళ్ళో పెట్టుకుని గింజలు విసరడం మొదలుపెట్టింది.

"మెత్తగా పట్టకూడదట. ముతక ఉప్పులా ఉండాలని ఎర్వాన్ అన్నాడు," అంది.

నీళ్ళు మరిగాక దించి, ఆ గలగల సద్దుమణిగే దాకా ఆగమని ఎర్వాన్ అన్నాడట. ముందు గాజుని వేణ్ణీళ్ళతో కడిగి వెచ్చబరచమన్నాడట. ఇనుప చెంచా తగిలితే గాజు చిట్లుతుంది, చెక్క గరిటెతో కలపమన్నాడట. ఆమె నోట ఒకేసారి అన్ని మాటలు వినడం నాకదే మొదలు. ప్రతి మాట చివరా అతను నిలబడి ఉన్నాడు.

"ఆ ఎర్వాన్ ఎవడే, వంటవాడా?" అంది మా అమ్మ.

"ఫిట్టరు అత్తయ్యా. కుర్రతనంలో ఓడల్లో పనిచేశాడు, అక్కడ నేర్చుకున్నాడట."

మూత పెట్టి, రేడియోలో ఒక పాట అయ్యేంత సేపు ఊరుకుంది. తరవాత అరచెయ్యి కడ్డీ బుడిపె మీద ఉంచి నెమ్మదిగా నొక్కింది. జాలీ పిప్పిని అడుగుకి తోసుకుంటూ దిగుతుంటే తల వంచి, ఊపిరి బిగబట్టి దాన్నే చూసింది. ఆ చూపు ఎప్పుడైనా నా మీద పడిందా అని ఆలోచించాను. ఎంత తవ్వినా ఏదీ గుర్తుకు రాలేదు.

కాఫీ బాగుంది. బాగుందనలేదు. అడుగున నలక తగులుతోందన్నాను.

"ఆఖరి గుక్క కప్పులో వదిలెయ్యాలి," అంది.

"అదీ ఎర్వాన్ చెప్పిందేనా?"

"కాదు. అది నేనే కనిపెట్టాను," అని నవ్వింది. మా అమ్మ ఆ కాఫీ ముట్టుకోలేదు.

జూలై నుంచి ఆమె గురువారాలూ శనివారాలూ ఫ్యాక్టరీ వ్యాన్‌లో సంతలకి వెళ్ళడం మొదలుపెట్టింది. వ్యాను నడిపేది ఎర్వాన్. వెనక కూజాల పెట్టెలు, ముందు సీట్లో ఇద్దరు. సాయంత్రం వ్యాను వచ్చే వేళకి నాకు సెలూన్ ముందు ఊడ్చే పని ఉండేది. ఆమె దిగేది, తలుపు వేసేది, కిటికీలోంచి అతనితో ఇంకో మాటేదో అనేది. అది నాకు వినిపించేది కాదు. ఆ ఒక్క మాట కోసం ఎన్నిసార్లు గుమ్మం ఊడ్చానో. ఆమె ముక్కు ఎండకి కమిలి ఎర్రబడింది. పసుపుపచ్చ రవికె కొనుక్కుంది. నేను అప్పటిదాకా ఆమెని పసుపు రంగులో చూడలేదు.

సెలూన్‌లో మాటలు నేను లోపలికి రాగానే ఆగిపోయేవి. ఆగని రోజుల్లో ఇంకా కష్టంగా ఉండేది. పక్క ఊరి సంతలో ఒడీల్ చుట్టూ జనం తిరనాళ్ళలా మూగారని ఒకాయన, ఆమె చేతి కాఫీ తాగి తన వదిన రెండు కూజాలు కొందని ఇంకొకాయన. ఆ పక్కనున్న పొడుగు మనిషి కూడా భలే సాయం చేస్తాడండీ అని ఎవరో ఒకరు చివర్న తగిలించేవారు. నేను కత్తెర ఆడిస్తూ అవునట, అవునట అనేవాణ్ణి.

"అడగవేం రా దాన్ని?" అంది మా అమ్మ ఒకరోజు. "నీకూ నోరుందిగా."

అడగాలనే ఉండేది. అడిగితే ఆమె జవాబు చెబుతుంది. నా భయమంతా అదే.

ఆగస్టు మధ్యలో ఒక మధ్యాహ్నం ఎర్వాన్ తనే నా సెలూన్‌కి వచ్చాడు. మర్నాడు పత్రికల వాళ్ళు ఫొటోలు తీసుకోడానికి వస్తున్నారట, జుట్టు కాస్త మనిషిలా కనిపించేట్టు చెయ్యమన్నాడు. అతన్ని అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. అందగాడేం కాదు. చెవులు పెద్దవి. ముందు పన్ను ఒకటి విరిగింది. అందగాడైనా బాగుండేది, ఒక కారణం దొరికేది.

చెడగొట్టాలని గట్టిగానే అనుకున్నాను. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ పెట్టి పంపితే పత్రికలో అందరూ చూస్తారు. కానీ చేతులు నా మాట వినలేదు. ఆ నెలలో నేను చేసిన క్రాపులన్నిట్లో అదే బాగా కుదిరింది.

"మీ ఆవిడే లేకపోతే ఈపాటికి గేటు తీసేసేవాళ్ళమండీ," అన్నాడు అద్దంలోంచి. "సంతలో నేను నోరు తెరిస్తే ఉన్న జనం కూడా పోతారు. ఆవిడ ఈల వేస్తుందే, సగం మంది ఆ ఈలకే ఆగుతారు."

"ఈలా?"

అద్దంలో నా మొహం చూశాడు. "ఫ్యాక్టరీలో జాలీలు బిగించేటప్పుడు కూడా వేస్తుందిగా. ఎప్పట్నుంచో. పక్క వరస వాళ్ళు కూడా అందుకుంటారు. మీకు తెలీదా?"

తెలుసన్నాను. తువ్వాలు తీసి దులిపాను. అతను డబ్బిచ్చి, క్రాపు తడుముకుంటూ వెళ్ళిపోయాడు. నా భార్య ఈల వేస్తుందన్న సంగతి నా కుర్చీలోనే కూర్చుని ఇంకొకడు నాకు చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆమె కూరగాయలు తరుగుతుంటే పత్రిక అడ్డం పెట్టుకుని చాలాసేపు చెవులు రిక్కించాను. కత్తి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మా ఇంట్లో ఆమె ఈల వెయ్యదు.

ఆగస్టు చివరి శనివారం సెలూన్ తలుపుకి "ఈరోజు సెలవు" అని అట్ట తగిలించి, ఒడీల్ వాళ్ళు ఆ రోజు వెళ్ళిన, మమ్మల్ని ఎవరూ ఎరగని ఊరి సంతకి బస్సులో వెళ్ళాను. ఎందుకు వెళుతున్నానో మా అమ్మ అడగలేదు. నా మంచి టోపీ తెచ్చి చేతికిచ్చింది.

జున్ను అమ్మే వాళ్ళకీ, బుట్టల్లో కుందేళ్ళు పెట్టుకున్న ముసలామెకీ మధ్య ఉంది వాళ్ళ బల్ల. చర్చి నీడ ఇంకా దాని మీంచి తప్పుకోలేదు. ఒడీల్ బోర్లించిన ఆపిల్ సైడర్ సీసాల పెట్టె మీద నిలబడింది. పసుపు రవికె, మోచేతుల దాకా మడిచిన చేతులు. కింద ఎర్వాన్ స్టూలు మీద కూర్చుని చేతిమర తిప్పుతున్నాడు. ముందు నిలబడ్డ జనమంతా ఆడవాళ్ళే, అక్కడక్కడా మొగుళ్ళు.

"కొనేముందు మూత తీసి, ఖాళీ కూజాలో కడ్డీ వదిలి చూడండమ్మా," అంటోంది. ఆ గొంతు నాకు తెలుసు, అంత గట్టిగా ఉండగలదని తెలియదు. "దానంతట అదే జారిపోయిందా, జాలీ అంచు వదులన్నమాట. పొద్దున్నే పిప్పి తాగుతారు. రెండు చేతులా తొయ్యాల్సొచ్చిందా, మరీ బిగుతు. వేడి కాఫీ మీ ఆయన మొహాన చిమ్ముతుంది. అలాంటిదే కావాలంటే చెప్పండి, పెట్టె అడుగున వెతికి ఇస్తాను."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మొగుళ్ళు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. అంతలో ఆమె నన్ను చూసింది.

కిందికి దిగుతుందనుకున్నాను, లేకపోతే మొహం తిప్పుకుంటుందనుకున్నాను.

"మీరు, అయ్యా," అంది. "ఆ వెనక టోపీ పెట్టుకున్నాయన. కాస్త ముందుకి రండి."

ఇంట్లో మాకు నువ్వు, నేను. ఆమె నన్ను మీరు అనగా ఎన్నడూ వినలేదు. జనం దారిచ్చారు. వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాను.

"ఇంట్లో ఎంతమంది తాగుతారు?"

"ఇద్దరం," అన్నాను. "మా అమ్మకి తన గుడ్డ సంచే కావాలి."

నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఒడీల్ నవ్వలేదు. "అయితే ఈ చిన్నది చాలు. పెద్దది కొని కాస్త పోసుకుంటే జాలీ కాఫీ దాకా అందదు, ఊరికే గాలిని నొక్కుతుంటారు. పొద్దున్నే చల్లారిన కాఫీ, దాంతో గొడవలు." చిన్న కూజాలో పొడి వేసి, నీళ్ళు పోసి, కలిపి, మూత పెట్టి నా ముందుకి జరిపింది. వేచి ఉండాల్సినంత సేపూ పక్కనున్న ముసలామెతో కుందేళ్ళ ధర మాట్లాడింది. తరవాత నా వైపు తిరిగింది. "ఇప్పుడు మీరు నొక్కండి."

నొక్కాను. సగం దూరంలో అడ్డం పడింది. ఇంకా బలంగా తోశాను.

"బలం చూపించకండి అయ్యా. ఎక్కడ పట్టేసిందో అక్కడ కాస్త పైకి లాగి మళ్ళీ వదలండి. దానికి దారి తెలుసు."

ఆమె చెయ్యి నా చేతిని తాకలేదు. కడ్డీ అడుగు దాకా దిగింది. వెంటనే వంచెయ్యమంది, పిప్పి మీద ఉంచితే చేదెక్కుతుందట. కప్పులోకి వంచుతూ తలెత్తితే ఎర్వాన్ కనిపించాడు. చేతిమరలో గింజలైపోయాయి. అతను ఇంకా తిప్పుతూనే ఉన్నాడు, మర ఊరికే కరకరలాడుతోంది, అతని కళ్ళు పసుపు రవికె మీద ఉన్నాయి. ఆ చూపు నాకు కొత్త కాదు. పెళ్ళికి ముందు నది పక్కన జరిగే డాన్సుల్లో నేనూ అలాగే చూసి ఉంటాను, అప్పుడు అద్దం లేదు గనక చూసుకోలేదు. వ్యాన్ కిటికీ దగ్గర నేను ఊహించిందంతా నిజమని ఆ కరకర చెప్పింది.

ఒడీల్ ఎటు చూస్తోందో వెతికాను. అతన్ని చూడటం లేదు. నన్నూ చూడటం లేదు. పెట్టె మీద మునివేళ్ళ మీద లేచి, వెనక వరసలో ఆగాలా పోవాలా అని తచ్చాడుతున్న ఒక కొత్త మనిషిని చూస్తోంది.

కూజా కొనుక్కుని, ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చేశాను. సాయంత్రం ఆమె వచ్చేసరికి అది వంటింటి బల్ల మీద ఉంది.

"ఎందుకొచ్చావు?" అంది.

"కొనడానికి."

దాన్ని తీసి పాత కూజా పక్కన పెట్టింది. సూప్ వేడి చెయ్యడానికి పొయ్యి వైపు తిరిగింది.

సెప్టెంబరు చివర్లో సమ్మె ముగిసింది. దేశం తూర్పు అంచున ఇంకెవరో యజమాని యంత్రాల్ని కొనుక్కున్నాడు, అక్కడికి వచ్చిన వాళ్ళకి పనిస్తానన్నాడు, రానివాళ్ళకి పరిహారం. గెలిచామని కొందరు, ఓడామని కొందరు ఒకే బారులో ఒకే సైడర్ తాగారు. గేటు తాళం ఎర్వాన్ తన చేత్తోనే తీశాడట.

ఆ ఆదివారం సాయంత్రం నేను వంటింట్లో కూర్చుని కత్తికి పదును పెడుతున్నాను. ఒడీల్ ఎదురుగా కూర్చుని ఆపిల్ పళ్ళ తొక్క తీస్తోంది. మేడ మీద మా అమ్మ రేడియో మోగుతోంది.

"ఎర్వాన్ అక్కడే పనిలో చేరుతున్నాడు," అంది. "నన్నూ రమ్మన్నాడు."

"పనికా?"

"పనికీ."

మేడ మీద రేడియో ఆగిపోయింది. నేను కత్తిని తోలు మీద ఇటూ అటూ తిప్పుతూనే ఉన్నాను, అది ఎప్పుడో పదునెక్కింది.

"ఏమన్నావు?"

"రానన్నాను."

వేసవంతా నేను తిన్న తిండి అప్పుడు అరిగినట్టయింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ అసూయపడ్డ మనిషికి గెలిచాక కూడా లెక్క తేలాలి.

"నా కోసమేనా?" అన్నాను.

ఒడీల్ చేతిలో ఆపిల్ ఆగింది. నిజంగానే ఆలోచించింది. ఆమె అబద్ధం చెప్పదు. ఇన్నేళ్ళూ పెద్దగా మాట్లాడేది కాదు గనక దాంతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు.

"అవునంటే నీకు బాగుంటుంది," అంది. "కానీ కాదు ఆర్సెన్. అక్కడికెళితే మళ్ళీ ఆ కిటికీ లేని గదిలో జాలీలు బిగించాలి. ఇక్కడైతే సంతలున్నాయి. వంటసామాను తెచ్చి అమ్ముకుంటాను. సంతలో చోటు కావాలని అడిగాను, ఇస్తామన్నారు. పాత వ్యాను కూడా చూశాను."

"మరి అతనంటే నీకు..."

"మంచివాడు. అడిగినప్పుడు నాకు బాగానే అనిపించింది. అదీ చెప్పాలిగా."

చెప్పక్కర్లేదు అనాలనిపించింది.

"మరి నేను?"

"నువ్విక్కడే ఉన్నావుగా," అంది, అందులో అడగడానికేముంది అన్నట్టు. తొక్క తీసిన పండు గిన్నెలో వేసి ఇంకోటి అందుకుంది. తల ఎత్తకుండానే అంది. "ఆ రోజు సంతలో గొడవ చేస్తావనుకున్నాను. చెయ్యకుండా అందరి ముందూ వచ్చి నిలబడ్డావు, చెప్పినట్టు నొక్కావు. ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టనిపించింది. ఇంటికొచ్చాక అడగాలనుకున్నాను, మళ్ళీ ఎప్పుడొస్తావని."

ఎర్వాన్ వెళ్ళేముందు సెలూన్‌కి వచ్చి నాతో చెయ్యి కలిపాడు. అతని కళ్ళ కింద నల్లబడింది. నన్ను చూసి అతనే అసూయపడుతున్నాడని అప్పుడు అర్థమైంది. ఆమె కాదన్నది నా కోసం అనుకుంటున్నాడు పాపం. నేను సరిదిద్దలేదు. ఆ ఊళ్ళో చలి ఎక్కువట, జాగ్రత్త అన్నాను.

అక్టోబరు చివర్లో ఒడీల్‌కి మా ఊరి సంతలోనే చోటు దొరికింది. ఊరి కూడలిలో, సరిగ్గా నా సెలూన్‌కి ఎదురుగా. మొదటి గురువారం పొద్దున్నే వ్యాన్‌లోంచి పెట్టెలు నేనే దింపిపెట్టాను. మూకుళ్ళు, గరిటెలు, మిగిలిపోయిన కూజాలు. మా అమ్మ శాలువా కప్పుకుని కిందికొచ్చి, కూజాలు ముందు వరసలో పెట్టవే, ఎవరికి కనబడతాయక్కడ అని సలహా ఇచ్చి పోయింది. తరవాత నేను లోపలికొచ్చి పని మొదలుపెట్టాను. చలికి తలుపు వేసి ఉంది. కుర్చీలో గొతియే.

బయట ఆమె మొదలుపెట్టినట్టుంది. అద్దాల అవతల జనం ఒకరొకరుగా ఆగుతున్నారు. ఆమె చేతులు ఊపుతోంది, తల వెనక్కి వాల్చి ఏదో అంటోంది, అందరూ ఒక్కసారిగా నవ్వుతున్నారు. ఇటు చూస్తే లోపల కత్తెర చప్పుడొకటే. ఎర్వాన్ రైలెక్కి వెళ్ళిపోయాడు. వీళ్ళందర్నీ ఏ రైలెక్కించను? వంతెన అవతలి ఊళ్ళ వాళ్ళు, పేరు తెలియని వాళ్ళు, ఈరోజు వచ్చి రేపు రాని వాళ్ళు. ఒక్కొక్కరినీ ఆమె మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

"ఏవయ్యా," అన్నాడు గొతియే, సగం క్రాపుతో కిటికీ వైపు మెడ సాచి. "ఆ తలుపు కాస్త తెరువు. ఏమంటోందో వినబడి చావడం లేదు."

కత్తెర బల్ల మీద పెట్టి, వెళ్ళి తలుపు బార్లా తెరిచాను. చలిగాలితో పాటు ఆమె గొంతు లోపలికొచ్చింది. గుమ్మంలో నిలబడిపోయాను. గొతియే నన్ను తొందరపెట్టలేదు.